తుడిచిన ఆకులు

నిన్న ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, సూర్యాపేట నుంచి కోదాడ వెళ్ళే బస్సులో, నా ముందు సీట్లో కూర్చున్న ఒకామె బత్తాయి ఒలిచింది. గోరు దిగీ దిగకముందే వాసన వెనక్కి వచ్చింది. కిటికీ తెరిచే ఉంది, బస్సు వేగంగానే పోతోంది, అయినా వచ్చింది. నేను గడియారం చూసుకున్నాను. ఎండ ఏ పక్కనుంచి పడుతోందో కూడా చూశాను. ఎక్కడైనా ఆకు వాసనో పండు వాసనో తగిలితే సమయం, ఎండ, గాలి చూసుకోవడం ప్రభుదాసు సార్ దగ్గర నాకు అయిన అలవాటు. ఆయన పోయి నాలుగు నెలలైంది. సమయం చూసుకున్న తర్వాత రాసుకోవడానికి ఏమీ లేదని గుర్తొచ్చి, చేయి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

సార్ సూర్యాపేటలో ఒక డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పేవారు. సొంత ఊరు కోదాడ. ఆయన పనిని కొత్తవాళ్ళకు చెప్పాలంటే ఇలా చెప్పాలి. చెట్లు ఆక్సిజన్ వదులుతాయని అందరికీ తెలుసు. ఆకులు దానితోపాటు ఇంకా కొన్ని వాయువులను వదులుతాయి. జామాయిల్ తోట పక్కనుంచి పోతుంటే తగిలే వాసన, వేపాకు నలిపితే వచ్చే వాసన, ఇవి ఆ వాయువులే. వాసన తెలియనివి ఇంకా చాలా ఉన్నాయి. ఎండలో అవి గాలిలోని ఓజోన్ లాంటి వాటితో కలిసి మారతాయి, బరువెక్కుతాయి. వాయువుగా ఉండలేక కంటికి కనిపించనంత సన్నని కణాలుగా పేరుకుంటాయి, లేదా అప్పటికే గాలిలో ఉన్న పొగ కణాల మీద పూతలా చేరతాయి. పొద్దున దూరంగా పొలాల మీద కనిపించే మసకలో వాటి వాటా ఉంటుంది. మబ్బులో నీటి చుక్క కట్టడానికి ఆధారమయ్యే రేణువుల్లోనూ ఉంటుంది. ఎంత వాటా అన్నది సార్ ప్రశ్న. వేరే దేశాల అడవుల్లో చాలామంది కొలిచారు. మిర్యాలగూడ చుట్టుపక్కల ఒక వైపు బత్తాయి తోటలు, ఇంకో వైపు ఊక తగలబెట్టే రైస్ మిల్లులు. ఇక్కడ ఎవరూ కొలవలేదు. అందుకని ఆయన కొలవడం మొదలుపెట్టారు. నేను ఆయన దగ్గర పీహెచ్‌డీకి చేరాను.

మాది నడిగూడెం. మా ఇంట్లో గొర్లు కాసినవాళ్ళే గాని ప్రయోగశాల చూసినవాళ్ళు లేరు. తెలుగు పుస్తకాలు బాగా చదివేదాన్ని కాబట్టి రాయడం వచ్చని నాకు ఒక నమ్మకం ఉండేది. మొదటిసారి ఒక తోటకు వెళ్ళొచ్చాక నాలుగు పేజీల నివేదిక రాసి ఇచ్చాను. సార్ ఎర్ర పెన్ను తీశారు.

"‘అద్భుతమైన పరిమళం’ అని రాశావు. కొలిచావా?"

"లేదు సార్."

"మరెందుకు రాశావమ్మా?"

"వాసన బాగుంది సార్, అందుకని."

"బాగుందో లేదో ముక్కు చూసుకుంటుంది. అది ఎన్ని గంటలకు వచ్చిందో రాయి నువ్వు."

నాలుగు పేజీలు ముప్పావు పేజీ అయింది. నాకు కోపం వచ్చింది. ఆ ముప్పావు పేజీని తర్వాత నా సిద్ధాంత వ్యాసంలో ఒక్క మాట మార్చకుండా వాడుకున్నాను.

పని చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. ఒక కొమ్మ చుట్టూ తీగ చట్రం కట్టి ఉంచుతాం. పొద్దున దాని మీద ఆకులకు తగలకుండా పలచని సంచి తొడిగి మూతి బిగిస్తాం. ఒక గొట్టంలోంచి శుభ్రం చేసిన గాలి లోపలికి పంపి, అరగంట ఆగి, ఇంకో గొట్టంలోంచి చిన్న పంపుతో బయటికి లాగుతాం. అలా లాగిన గాలి వేలెడంత స్టీలు గొట్టం గుండా పోతుంది. ఆ గొట్టంలో ఒక పొడి ఉంటుంది, అది వాయువులను పట్టి ఉంచుతుంది. గొట్టానికి రెండు పక్కలా మూతలు బిగించి, ఐసు పెట్టెలో పెట్టి, బస్సెక్కి సూర్యాపేట చేరతాం. మరునాడు అవి హైదరాబాదు ల్యాబుకు పోతాయి. మిర్యాలగూడ బస్సుల్లో కండక్టర్లకు ఆయన పేరు తెలియదు. ‘సంచి సార్’ అనేవాళ్ళు. ఒక కొత్త కండక్టరు ఐసు పెట్టె చూసి, "ఏముంది సార్ దాంట్ల, చేపలా?" అన్నాడు.

"గాలి," అన్నారు సార్.

"గాలికి లగేజి టికెట్ లేదు. పెట్టుకోండ్రి," అన్నాడు కండక్టరు.

మేం ఎంచుకున్న తోట లచ్చమ్మది. మిర్యాలగూడ దాటాక కాలువ పక్కన నాలుగెకరాలు. ఆమెకు యాభై దాటి ఉంటాయి. భర్త ఉన్నాడు గాని తోట మాట ఆమెదే. మేం మొదటిసారి పోయినప్పుడు ఆమె మా సామానంతా చూసి, నీళ్ళిచ్చి, అడగవలసింది సూటిగా అడిగింది.

"గాలిని వట్టుకపోయి ఏం జేస్తరు సార్?"

సార్ చెప్పారు. నాకు చెప్పినంత వివరంగానే చెప్పారు. ఆయనకు మనిషిని బట్టి తగ్గించి చెప్పడం రాదు. ఆమె పూర్తిగా విన్నది.

"అంటే ఈ మసకంత మా చెట్లే జేస్తున్నయని రాస్తరా? ఇగ మిల్లోళ్ళకు పండుగే. ఇన్నొద్దులు మేం వాళ్ళను అంటున్నం, రేపు వాళ్ళు మమ్మల్ని అంటరు."

"ఏముంటే అది రాస్తామమ్మా. ఏముంటుందో ముందే చెప్పలేను."

"గట్లనే రాండ్రి మరి," అన్నది.

ఆ రోజే మూడు కొమ్మలు ఎంచి ఎర్ర గుడ్డ ముక్కలు కట్టాం. కడుతూ సార్ ఒక ఆకు మీద వేలు పెట్టి గీశారు. వేలికి బూడిద అంటింది. "ఆకుల మీద బూడిద బాగా పడుతోందే," అన్నారు. మిల్లుల ఊక బూడిద అది. ఆయన తనలో తాను అనుకున్న మాట. నేను నోటుబుక్కులో రాశాను కూడా. లచ్చమ్మ పక్కనే ఉంది.

పద్నాలుగు నెలలు పోయాం. నెలకు రెండుసార్లు, తొమ్మిదింటికల్లా తోటలో ఉండేవాళ్ళం. హైదరాబాదు నుంచి వచ్చిన అంకెలు చూసి మొదట్లో సార్ నమ్మలేదు. బత్తాయి చెట్టు గురించి పుస్తకాల్లో ఉన్నదానికంటే మా కొమ్మలు ఎన్నో రెట్లు ఎక్కువ వాయువు వదులుతున్నాయి. ఖాళీ సంచితో కొలిచి చూశాం, సంచిలో తప్పు లేదు. గొట్టాలు మార్చాం. ల్యాబు వాళ్ళను మళ్ళీ మళ్ళీ అడిగాం. అంకెలు అలాగే వచ్చాయి. గాలిలో కణాలను లెక్కించే యంత్రం ఒకటి అడిగి తెచ్చి మోటరు కొట్టం మీద కొన్నాళ్ళు పెట్టాం. పొద్దెక్కేకొద్దీ సన్నని కణాలు పెరగడం కనిపించింది. రెండూ కలిపి లెక్క వేస్తే, పొద్దుటి మసకలో పెద్ద వాటా తోటలదే అని తేలింది. సార్ ఆ రోజు మిర్యాలగూడ బస్టాండులో ఇద్దరికీ మిర్చి బజ్జీలు చెప్పారు. బయట తినే మనిషి కాదు. మరుసటి వేసవికి ఆయన రిటైరవ్వాలి. నా వ్యాసంలో రెండు అధ్యాయాలు ఈ అంకెల మీద నిలబడి ఉన్నాయి. వేసవికి అయిపోతుందని ఇంట్లో చెప్పి ఉంచాను.

ఒకసారి బంధువుల పెళ్ళికని ముందు రోజే మిర్యాలగూడ పోయాను. సార్ తొమ్మిదింటికి నేరుగా తోటకు వస్తానన్నారు. నేను ఏడున్నరకే చేరాను. ఎర్ర గుడ్డ కట్టిన కొమ్మ దగ్గర లచ్చమ్మ నిలబడి ఉంది. పక్కన చిన్న బకెట్ నీళ్ళు. తడిగుడ్డతో ఒక్కో ఆకును అరచేతిలో పెట్టుకుని, మీదా కిందా తుడుస్తోంది.

"ఏం జేస్తున్నవ్ పెద్దమ్మా?"

"సారొచ్చే దినం గద బిడ్డా. ఆకు తుడుస్తున్న."

"ఎప్పుడూ తుడుస్తవా?"

"తుడవకుంటె ఎట్ల? మొదటి దినమే సార్ వేలు వెట్టి సూసి బూడిదున్నదన్నడు. నాకు సిగ్గయింది. ఇంటికొచ్చినోళ్ళకు మురికి మంచం ఏస్తమా? ఎండుపుల్లలు గూడ ఇరిచేస్త. మీ మూడు కొమ్మలే. తోటంత ఎక్కడ తుడుస్త, నాకేం పని లేదా?"

నేను దగ్గరికి పోకముందే నాకు విషయం అర్థమైంది. తుడిచిన కొమ్మ చుట్టూ వాసన ఉంది. బత్తాయి ఆకులో సన్నని నూనె తిత్తులుంటాయి. ఆకును రుద్దితే, పుల్ల విరిస్తే, అవి చిట్లి వాయువు బయటికి వస్తుంది. గంటల తరబడి వస్తూనే ఉంటుంది. మేం పద్నాలుగు నెలలుగా చెట్టు మామూలుగా వదిలే వాయువును కొలవలేదు. రుద్దిన ఆకు వదిలేది కొలిచాం.

తొమ్మిదింటికి సార్ వచ్చారు. నేను ఏమీ చెప్పలేదు. ఆ రోజు కూడా సంచులు కట్టాం, గొట్టాలు నింపాం, అంకెలు రాశాను.

పదకొండు రోజులు చెప్పలేదు. మొదటి రెండు రోజులు, ఇంత చిన్న తుడుపుకు అంత తేడా వస్తుందా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ తర్వాత అది కూడా చెప్పుకోలేదు. రెండు అధ్యాయాలు పోతాయి, వేసవి పోతుంది. నా ఆలోచన అంతవరకే పోయింది. ఆ రోజుల్లోనే సార్ పరిశోధనా పత్రం పూర్తి చేశారు. పంపే ముందు నన్ను పిలిచి కాగితాలు ముందు పెట్టారు.

"ఇంకేమైనా చూడాల్సింది ఉందా సైదమ్మా?"

"లేదు సార్," అన్నాను.

ఆయన దాన్ని సైన్సు పత్రికకు పంపేశారు.

నా దగ్గర ఒక ప్రతి ఉంది. దాని చివరి వాక్యాన్ని ఆ తర్వాత మూడు రోజులకు మళ్ళీ చదివాను. ఈ ప్రాంతంలో ఉదయపు మసకకు బత్తాయి తోటలే ప్రధాన కారణం కావచ్చు అని ఉంది. లచ్చమ్మ మొదటి రోజు అడిగిన మాట అదే. మా చెట్లే చేస్తున్నాయని రాస్తరా అని అడిగింది. రాశాం. మేం అలా రాయడానికి కావలసిన అంకెలు ఆమె తన చేత్తో, బకెట్ నీళ్ళతో, నెలకు రెండుసార్లు తయారుచేసి ఇచ్చింది. ఆమెకు ఆ సంగతి తెలియదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

ఆ మధ్యాహ్నం సార్ స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా తెరిచారు. అప్పుడు చెప్పాను. విని డబ్బా మూత పెట్టేశారు.

"ఎప్పుడు చూశావు?"

"పదకొండు రోజులైంది సార్."

"నేను అడిగిన రోజుకు తెలుసా నీకు?"

"తెలుసు సార్."

ఆయన లేచి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చారు. ఇంకా తిననే లేదు. తిట్టి ఉంటే బాగుండేదని అప్పుడు అనిపించింది.

"రేపు తోటకు పోయే రోజే కదా, మొదటి బస్సుకు పోదాం. ఏడింటికల్లా అక్కడుండాలి," అన్నారు.

మమ్మల్ని ఆ వేళప్పుడు చూసి లచ్చమ్మ కంగారు పడింది. బకెట్ చేతిలోనే ఉంది. సార్ ఆమెతో ఏం మాట్లాడతారోనని నేను భయపడ్డాను.

"ఎప్పుడూ ఎలా తుడుస్తారో అలాగే ఈ కొమ్మ తుడవండమ్మా. ఆ పక్క కొమ్మ మాత్రం ముట్టుకోవద్దు," అన్నారు.

ఆమె నా ముఖం చూసింది, ఆయన ముఖం చూసింది. "నేనేమన్న తప్పు జేసిన్నా సార్?"

"మీరు చేయలేదు. మొదటి రోజు బూడిద పడుతోందని నేను మీ ముందు అన్నాను. అది నాలో నేను అనుకోవాల్సిన మాట. అన్నాక, మీరు ఏమనుకున్నారో అడగాల్సింది. పద్నాలుగు నెలలు అడగలేదు."

"అంటే మీకు మురికి ఆకే గావాల్నా?"

"మురికిదే కావాలి."

"ముందుగాల జెప్తే ఇంకో గంట పండుకుందును గద సార్. కాలువ కెల్లి నీళ్ళు మోసిన."

సార్ నవ్వారు. ఆమె ఇంక నవ్వకుండా ఉండలేకపోయింది. తర్వాత కొమ్మ తుడిచింది, ఎప్పటికంటే కాస్త ఎక్కువ శ్రద్ధగానే, తన పని చూస్తున్నారు కాబట్టి. రెండు కొమ్మలకూ సంచులు కట్టాం.

అంకెలు రావడానికి వారం పట్టింది. తుడిచిన కొమ్మ పాత అంకె ఇచ్చింది. తుడవని కొమ్మ పుస్తకాల్లో ఉన్న అంకె ఇచ్చింది. పత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నామని సార్ ఉత్తరం రాశారు. నమూనా కొమ్మల ఆకులను ముందుగా తుడుస్తున్న సంగతి తాను గమనించలేదని, తప్పు తనదని రాసి నాకు చదవమని ఇచ్చారు. నేను పదకొండు రోజులు దాచానన్నది కూడా రాయమని అడిగాను.

"ఎందుకు?"

"పంపకముందే చెప్పి ఉంటే మీకు ఈ ఉత్తరం రాయాల్సిన పని ఉండేది కాదు సార్."

"నిజమే. అది నీ సంగతి, నువ్వే రాసుకోవాలి. ఈ ఉత్తరం కొలతల గురించి."

సంతకం పెట్టారు. రిటైరవ్వడానికి అయిదు నెలల ముందు, తన పేరు మీద వచ్చిన ఒకే ఒక్క పెద్ద ఫలితాన్ని ఆయన తన చేత్తో కొట్టేశారు. కళాశాలలో కొందరు ఆయన వెనకాల నవ్వారు. "ఆకులు తుడిచే మనిషిని చూడకుండా ఆకాశాన్ని కొలిచిండట," అని ఒకాయన అన్నది నేనే విన్నాను. నా గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఎవరికీ తెలియదు కాబట్టి.

మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాం. రిటైరయ్యాక కూడా సార్ కోదాడ నుంచి సంచులు చేత్తో పట్టుకుని వచ్చేవారు. కొత్త నోటుబుక్కులో సమయం, ఎండ, గాలి పక్కన ఇంకొక గడి గీశారు. దాని పైన ‘మనం రాకముందు’ అని రాశారు. తోటలో అడుగుపెట్టగానే లచ్చమ్మను అడిగేవారు, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసేవాళ్ళం. ‘ఏం జెయ్యలే’ అని ఉంటుంది ఎక్కువ పేజీల్లో. ఒకచోట ‘మేక వచ్చి రెండాకులు తిన్నది, కొట్టి పంపిన’ అని ఉంటుంది. ఆ రోజు ఆ కొమ్మను కొలవకుండా వచ్చేశాం.

"మేకను గూడ రాసిండ్రా సార్?" అని అడిగింది లచ్చమ్మ.

"రాశాను."

"ఎవలిదని రాసిండ్రు?"

"అది అడగలేదు."

"నర్సయ్యది. రాసుకోండ్రి."

రాసుకున్నారు.

చివరికి వచ్చిన అంకె మామూలు అంకె. తోటల వాటా ఉంది, కానీ చిన్నది. ఆకు వాయువు ఎక్కువగా మిల్లు పొగ కణాల మీదే చేరుతోంది. పొగ తక్కువున్న రోజుల్లో మసకా తక్కువే. సార్ ఇది లచ్చమ్మకు చెప్పడానికే ఒక రోజు పోయారు. ఆమె విని, "ఆ జరంత గూడ లేదని రాయరాదు?" అన్నది.

"రాయలేనమ్మా."

"ఎరికే. ఊకె అడిగిన."

నా వ్యాసం రెండేళ్ళు ఆలస్యంగా పూర్తయింది. అందులో ఒక అధ్యాయం తుడిచిన ఆకు మీద, తుడవని ఆకు మీద. పరీక్షకులకు నచ్చింది ఆ అధ్యాయమే. నాకు కోదాడలో ఒక జూనియర్ కళాశాలలో ఉద్యోగం వచ్చింది.

సార్ గుండెపోటుతో పోయారు. కోదాడ చర్చిలో ప్రార్థన చేశారు. పాస్టరు ఆయనను ప్రకృతి ప్రేమికుడన్నారు. ఎర్ర పెన్నుంటే ఆయన ఆ మాట కొట్టేసేవారు. లచ్చమ్మ భర్తతో వచ్చింది, వెనక బెంచీలో కూర్చుంది, అయిపోయేదాకా కదలలేదు. నెల తర్వాత సార్ భార్య నన్ను పిలిచి నోటుబుక్కులన్నీ ఇచ్చారు. నేను ఇంటికొచ్చి ముందుగా ఆ మధ్యాహ్నం పేజీ వెతికాను. ‘సైదమ్మ చెప్పింది. రేపు పరీక్షించాలి’ అని ఉంది. పదకొండు రోజుల మాట లేదు. ఆ ముందు పేజీల్లోనూ, తర్వాతి పేజీల్లోనూ లేదు. అది ఆయన ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. నువ్వే రాసుకోవాలి అన్నారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఇన్నేళ్ళు రాయలేదు.

పిల్లలకు ప్రాక్టికల్స్ చేయించేటప్పుడు అంకె తేడాగా వస్తే వాళ్ళను తిట్టను. ఈ గాజు కుప్పెను మీకంటే ముందు ఎవరు కడిగారు, దేనితో కడిగారు అని అడుగుతాను. వాళ్ళు వెళ్ళి అటెండరును అడిగి వస్తారు. ఆమె చెప్పింది చెప్పినట్టే రాయమంటాను. ఎవరైనా ఒకరు ఆలస్యంగా వచ్చి తప్పు చెప్పుకుంటే, ఎప్పుడు తెలిసింది అని ఒక్కసారి అడుగుతాను, తర్వాత మళ్ళీ కొలుద్దాం పదమంటాను. అంతకంటే ఎక్కువ మాట్లాడాలని కొన్నిసార్లు నోటిదాకా వస్తుంది. ఆగుతాను.

పంపు ఇప్పుడు నా దగ్గరే ఉంది, పనిచేస్తుంది. సంచులు పాతబడ్డాయి. గొట్టాలు తీసుకునే ల్యాబు లేదు, ఈ పనికి డబ్బు మంజూరు చేసేవాళ్ళు లేరు, నేను రెండు చోట్ల అర్జీ పెట్టాను. లచ్చమ్మ మొన్న ఫోన్ చేసింది. కొత్తగా ఇంకో మిల్లు వచ్చిందట, బూడిద ఇంకా ఎక్కువ పడుతోందట. వస్తరా అని అడిగింది. ఇప్పట్లో రాలేమని చెప్పాను. కాలువ పక్క తోటల్లో ఇప్పుడెవరూ గాలిని కొలవడం లేదు.